వైజాగ్ పూర్ణా మార్కెట్ సందులో బోర్డు లేని మూలికల కొట్టు: కొట్టుకి 4 స్టార్లు, గోడ మీద అట్టకి 5

ముందే చెప్పేస్తున్నా, ఈ కొట్టుకి బోర్డు లేదు. ఉండేదంట, 2014లో హుద్‌హుద్ తుఫానుకి ఎగిరిపోయిందంట, మళ్ళీ పెట్టలేదంట. అందుకని పేరు అడక్కండి, నాకూ తెలీదు. పూర్ణా మార్కెట్‌లో పూజా సామాన్ల కొట్లు ఉండే సందులోకి వెళ్ళి, సొంఠి పిప్పళ్ళ ఘాటు ముక్కుకి తగిలి తుమ్ము వచ్చిన చోట ఆగండి, అదే కొట్టు. కారు తీసుకెళ్ళే ఆలోచన ఉంటే మానుకోండి, జగదాంబ దగ్గర ఎక్కడో పెట్టేసి ఆటోలో వెళ్ళడం బెటర్, నేను ఒకసారి కారుతో దూరి రివర్స్‌లో బయటికి రావడానికి ఇరవై నిమిషాలు తిట్లు తిన్నా.

నేను అక్కడికి వెళ్ళింది మా మామ్మ వల్ల. ఆవిడకి 81, భీమిలి పక్కన పల్లెటూరు, ఇప్పుడు మాతోనే ఉంటుంది. మొన్న డిసెంబర్‌లో ఎడమ పక్క పక్కటెముకల కింద మంట మంట అని మూడ్రోజులు గోల, మేం గ్యాస్ అనుకుని గ్యాస్ మాత్ర ఇచ్చాం, తర్వాత కండరం పట్టేసిందేమో అని నొప్పుల స్ప్రే కొట్టాం (అది కొట్టగానే ఆవిడ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను). నాలుగో రోజు పొద్దున్న చూస్తే అక్కడే ఎర్రగా కమిలి సన్నసన్న నీటి పొక్కులు, గుత్తులు గుత్తులుగా, వెన్నెముక దగ్గర మొదలై పొట్ట మీదకి వడ్డాణంలా వచ్చి సరిగ్గా మధ్యలో ఎవరో గీత గీసినట్టు ఆగిపోయాయి. మామ్మ అద్దంలో చూసుకుని ఒకటే మాట, "ఇది సర్పిరా, మీ తాతకి రాలేదేటి, నాకు తెల్దేటి".

సరే అని సిటీలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాం, పేరొద్దు. రిసెప్షన్‌లో ఒక అమ్మాయి, పాపం చిన్నపిల్ల, కంప్యూటర్‌లో టైప్ చేసుకుంటూ "ప్రాబ్లం ఏంటి సార్" అంది. నేను నోరు తెరిచేలోపు మామ్మే చెప్పేసింది, "సర్పి అమ్మా". ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచిపోయింది. "ఎప్పుడు కరిచింది? పాముని చూశారా?" అంతే, ఎక్కడినుంచి వచ్చిందో వీల్ చైర్ వచ్చేసింది, మామ్మని అందులో కూర్చోబెట్టేశారు, క్యాజువాలిటీలోకి తోసుకెళ్ళిపోయారు, ఒక డ్యూటీ డాక్టర్ కాళ్ళు చూస్తున్నాడు గాట్ల కోసం, మామ్మేమో "నన్నెవడు కరుస్తాడ్రా, నా పళ్ళే నాకు లేవు" అంటోంది. అంతా అయ్యాక తేలింది ఏంటంటే స్కిన్ డాక్టర్ ఆరోజు రారు, రేపు రండి అని. పేపర్ మీద 700 బిల్లు. నాకు కోపం వచ్చింది గానీ ఆ అమ్మాయి తప్పు కూడా ఏం లేదనిపించింది, సర్పి అంటే సర్పమే గుర్తొస్తుంది మరి, నాకూ అంతకు ముందు తెలీదు.

తిరిగొస్తుంటే ఆటోలో మామ్మ పట్టు పట్టింది, జాజు (ఎర్రమట్టి) కొనాలి, కుమ్మరి దగ్గర రాయించుకోవాలి, దానికే తగ్గుతుంది అని. తెలీనివాళ్ళకి, సర్పినే అక్కి అని కూడా అంటారు, పల్లెల్లో దాని మీద జాజుతో బొమ్మ గీయించుకునే అలవాటు ఉంది, దాన్ని అక్కి రాయించుకోవడం అంటారు. వద్దంటే వినే మనిషి కాదు కాబట్టి ఆటో పూర్ణా మార్కెట్ వైపు తిప్పించా. అలా దొరికింది ఈ కొట్టు.

కొట్టులో పెద్దాయన ఉంటాడు, డెబ్భై పైనే ఉంటాయి, కళ్ళజోడు ఒక పక్క దారంతో కట్టి ఉంటుంది. జాజు ఇవ్వండి అన్నా. దేనికి బాబూ అన్నాడు. సర్పికి అన్నా. తక్కెడ కింద పెట్టేసి "ఎవరికి, ఎన్నాళ్ళైంది పొక్కులొచ్చి" అని మొదలెట్టాడు. మామ్మ ఆటోలో ఉంది, ఫోన్లో ఫోటో చూపించా. ఈరోజు పొద్దున్నే కనిపించాయి అన్నా. "అయితే ఇంకా టైముంది, అటు సూడు" అని గోడ వైపు చెయ్యి చూపించాడు.

అక్కడ ఉంది ఆ అట్ట. ఏదో ఫ్రిజ్ కార్టన్ చింపిన పెద్ద అట్టముక్క, దాని మీద స్కెచ్ పెన్నుతో మూడు గళ్ళు గీసి, ఎడమ పక్క పాత జబ్బు పేరు, మధ్యలో ఇప్పటి పేరు, కుడి పక్క ఏం చెయ్యాలో. సర్పి లైన్లో ఇలా ఉంది: "సర్పి, అక్కి. హెర్పిస్ జోస్టర్. పొక్కు లేచిన 3 రోజుల్లోపు డాక్టరు. కంటి దగ్గరైతే ఈరోజే." చివరి మాట కింద ఎర్ర గీత. ఒక మూలికల కొట్టువాడు తన సరుకు అమ్ముకోకుండా డాక్టర్ దగ్గరికి పొమ్మని గోడ మీద రాసుకోవడం నేను ఎక్కడా చూడలేదు. ఆయన తమ్ముడు పెద్దాసుపత్రిలో, అదే కేజీహెచ్‌లో, చాలా ఏళ్ళు కాంపౌండర్‌గా చేసి రిటైరయ్యాడంట, ఆయనే దగ్గర కూర్చుని రాయించాడంట.

ఆ సాయంత్రమే మహారాణిపేటలో ఒక డాక్టర్ గారికి చూపించాం, ఆయన చూడగానే అదే చెప్పారు, యాంటీ వైరల్ మాత్రలు 7 రోజులకి రాశారు. నాకు అప్పటిదాకా తెలీని విషయం ఏంటంటే సర్పికీ ఆటలమ్మకీ వైరస్ ఒకటేనంట. చిన్నప్పుడు చికెన్ పాక్స్ వచ్చి తగ్గిపోయాక ఆ వైరస్ ఒంట్లోంచి పోదు, వెన్ను దగ్గర నరాల మొదట్లో దాక్కుని పడుంటుంది, యాభై అరవై ఏళ్ళు గడిచాక ఒంట్లో శక్తి తగ్గినప్పుడు ఒక నరం పట్టుకుని బయటికొస్తుంది, అందుకే ఆ నరం ఎంతవరకు ఉందో అంతవరకే పొక్కులు, అందుకే మధ్య గీత దాటలేదు, అందుకే పొక్కులకంటే ముందు మంట. మామ్మకి ఎనిమిదో ఏట ఆటలమ్మ పోసిందంట, ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టారంట, అంటే 73 ఏళ్ళు ఆవిడ వెన్నులో కాపురం ఉండి వచ్చింది అది. లేటు చేస్తే పొక్కులు మానినా నొప్పి నెలల తరబడి ఉండిపోవచ్చంట, అందుకే ఆ 3 రోజుల లెక్క. 50 దాటినవాళ్ళకి దీనికి వ్యాక్సిన్ కూడా ఉందని అప్పుడే తెలిసింది.

సరే కొట్టు విషయానికి వస్తా. తర్వాత నేను ఆ అట్ట చదవడానికే మూడుసార్లు వెళ్ళా, వెళ్ళిన ప్రతిసారీ మొహమాటానికి ఒక పావుకిలో సొంఠి కొన్నా, మా ఇంట్లో ఇప్పుడు సొంఠి ఎంతుందో అడక్కండి.

సర్పి కింద లైన్లోనే కంఠసర్పి ఉంది, పక్కన బ్రాకెట్లో "పై దానికీ దీనికీ చుట్టరికం లేదు" అని. అది డిఫ్తీరియా, పిల్లల గొంతులో తెల్లగా పొర కట్టి ఊపిరి ఆడనివ్వదు. కోరింత దగ్గు, ధనుర్వాతం కూడా పక్క పక్కనే రాశారు, ఎందుకంటే ఈ మూడింటికీ కలిపే పిల్లలకి టీకా ఇస్తారు కదా. గవదబిళ్ళలు అంటే మంప్స్, దాని పక్కన "సర్కారు టీకాలో లేదు, అడిగి వేయించుకోవాలి" అని ఉంది. నేను నమ్మలేదు, మా చెల్లి కూతురి కార్డు తెచ్చి చూస్తే నిజమే, గవర్నమెంటు ఇచ్చేది ఎమ్ ఆర్, తట్టుకీ రుబెల్లాకీ మాత్రమే, మంప్స్ కలిసిన ఎమ్ ఎమ్ ఆర్ కావాలంటే బయట వేయించుకోవాల్సిందే. మా చెల్లి ఇద్దరు పిల్లల తల్లి, దానికీ తెలీదు.

ధనుర్వాతం అన్న పేరు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా. టెటనస్ వచ్చినవాడి వీపు కండరాలు బిగుసుకుపోయి తల, మడమలు మాత్రమే మంచానికి ఆని ఒళ్ళంతా విల్లులా పైకి లేస్తుందంట. మనవాళ్ళు ధనుస్సు చూశారు. ఇంగ్లీషువాళ్ళు దవడ చూశారు, వాళ్ళ పాత పేరు లాక్ జా, దవడకి తాళం పడటం. తుప్పు మేకు గుచ్చుకుంటే వస్తుంది అని మనకి చిన్నప్పటి నుంచి భయం పెట్టారు గానీ తుప్పుకి సంబంధం లేదు, మట్టిలో పేడలో ఉండే బాక్టీరియా లోతైన గాయంలోకి వెళ్ళడం వల్ల వస్తుంది. పూర్వం బొడ్డు ఏ కొడవలితోనో కోసేవాళ్ళు, పుట్టిన వారం పది రోజుల్లో పిల్లలు పోయేవాళ్ళు. మామ్మ తమ్ముడొకడు అలాగే పోయాడంట, "ఏదో గాలి సోకింది అన్నారు, బిగుసుకుపోయాడు, పాలు తాగలేకపోయాడు" అని చెప్పింది, నేను అట్ట మీద చదివింది చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు.

మా అమ్మకి పార్శ్వపు నొప్పి ఉంది, మైగ్రేన్. పార్శ్వం అంటే ఒక పక్క. మైగ్రేన్ కూడా గ్రీకులో సగం తల అన్న మాట నలిగి నలిగి వచ్చిందే. రెండు చోట్లా మనుషులు సగం తల పట్టుకుని కూర్చునే పేరు పెట్టారు. మధుమేహం కూడా అంతే, మనవాళ్ళూ తేనె అన్నారు వాళ్ళూ తేనె అన్నారు (డయాబెటిస్ మెల్లిటస్‌లో మెల్లిటస్ అంటే తేనెలా తియ్యనిది అని). క్షయ అన్నా అరిగిపోవడమే, ఇంగ్లీషులో పాత పేరు కన్సంప్షన్ అన్నా అరిగిపోవడమే. టీబీ అంటే ఇదే, 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ దాని బాక్టీరియా చూపించాడు. మామ్మ ఇప్పటికీ టీబీ అనదు. కంఠమాల కూడా టీబీయే, మెడలో బిళ్ళలు దండలా కడతాయి. ఇంగ్లండ్‌లో దాన్ని రాజుల జబ్బు అనేవాళ్ళు, రాజు చేత్తో ముట్టుకుంటే తగ్గుతుందని నమ్మకం, డాక్టర్ జాన్సన్ అని డిక్షనరీ రాసిన పెద్దాయన్ని చిన్నప్పుడు 1712లో ఆన్ రాణి దగ్గరికి తీసుకెళ్ళి ముట్టించారు, తగ్గలేదు. మరి మా మామ్మ జాజు రాయించుకుంటానంటే నేను ఎందుకు నవ్వాలి.

రాచ అంటే గుర్తొచ్చింది, రాచకురుపు. అట్టలో దీనికి ఎదురుగా "కార్బంకుల్, సుగరు చూపించు" అని ఉంది. మా ఆఫీసులో ఒకాయనకి వీపు మీద వచ్చింది, నాలుగైదు నోళ్ళతో పెద్ద గడ్డ, సెగగడ్డ అనుకుని పట్టు వేసుకుంటూ కూర్చున్నాడు, తీరా టెస్ట్ చేస్తే షుగర్ 400 దాటి ఉంది. అప్పటిదాకా షుగర్ ఉందనే తెలీదు. రాచపుండు అని ఇంకొకటి, అది పాతవాళ్ళు క్యాన్సర్‌కి కూడా అనేవాళ్ళు.

మన్యపు జొరం, చలిజొరం, రోజు విడిచి రోజు జొరం, మూడూ ఒకే గడిలో రాసి ఎదురుగా మలేరియా. ఆ పేరుకి అసలర్థం చెడుగాలి, ఇటలీ మాట. దోమలో దాని క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది మన సికింద్రాబాద్‌లోనే, అంతకు ముందు చాలా కాలం లోకమంతా గాలినే తిట్టింది. బ్రిటిష్ కాలంలో పోస్టాఫీసుల్లో క్వినైన్ పొట్లాలు అమ్మేవాళ్ళంటే నమ్ముతారా, కార్డుతో పాటు కొనుక్కోవడమే. పెద్దాయనకి ఇక్కడ ఒక సొంత థియరీ ఉంది, ఆయుర్వేదంలో దీన్ని విషమ జ్వరం అంటారు, అదే నలిగి పేపర్లో ప్రతి వానాకాలం "మన్యంలో విష జ్వరాలు" అయిపోయింది అంటాడు. కొట్టివేయలేం.

మరిడి దగ్గరికి వచ్చేసరికి ఆయన నవ్వాడు. ఆయన పేరులోనే ఉంది మరి. మన ఉత్తరాంధ్రలో మరిడయ్య, మరిడమ్మ, పోలయ్య, పోలమ్మ, నూకరాజు, ఈ పేర్లన్నీ ఊళ్ళో రోగం రాకుండా కాపాడే అమ్మవార్ల పేర్లే కదా. మరిడి అంటే కలరా, ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టేది. కుడి గడిలో "ఉప్పు, పంచదార, కాచిన నీళ్ళు, వెంటనే" అని ఉంది. పెద్దమ్మవారు, అంటే మశూచి, ఆ లైను మొత్తం కొట్టేసి పక్కన "లేదు" అని రాశారు. 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు కాబట్టి. అట్ట మొత్తం మీద కొట్టేసిన లైను అదొక్కటే.

పక్షవాతం గడి చూసి భయం వేసింది. "పావురం రక్తం వద్దు. 4½ గంటలు. 108." అంతే రాసుంది (పక్షవాతానికి పావురం రక్తం పట్టించే నాటు అలవాటు ఉంది కదా, దాని గురించి). మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా అది మెదడులో రక్తం గడ్డ కట్టడమో రక్తనాళం చిట్లడమో, గడ్డ అయితే కరిగించే ఇంజక్షన్ ఆ టైములోపే పని చేస్తుంది, అదీ స్కాన్ తీశాక. మర్దనా పేరు మీద ఎంతమంది ఆ గంటలు పోగొట్టుకుని తన దగ్గరికి నూనె కోసం వచ్చారో ఆయన చెప్తుంటే వినలేకపోయా. నూనె అమ్ముతావా మరి అని అడిగా. "ఆసుపత్రి నుండి వచ్చాక అమ్ముతాను" అన్నాడు.

అట్ట వెనక్కి తిప్పితే ఇంకో లిస్టు ఉంది, మగాళ్ళు అడిగితేనే తిప్పుతాడు. వరిబీజం, హైడ్రోసిల్, మన వైపు అది బోదకాలు తెచ్చే క్రిమి వల్లే ఎక్కువ వస్తుంది. సెగరోగం, గనేరియా. సవాయి, సిఫిలిస్. పాత వైద్యంలో దీని పేరు ఫిరంగి రోగం, పోర్చుగీసు వాళ్ళతో వచ్చిందని. ఇటలీవాళ్ళు దాన్ని ఫ్రెంచి జబ్బు అన్నారు, ఫ్రెంచివాళ్ళు నేపుల్స్ జబ్బు అన్నారు, ఎవడికి వాడు పక్కింటి మీద తోసేశాడు. ఎదురుగా "సిగ్గు పడకు, పెన్సిలిన్" అని ఉంది.

ఇంక మైనస్‌లు. ఒకటి, ధరలు ఎక్కడా రాయడు, ఒకే అతిమధురం నాకు ఒక రేటు, మా అమ్మ వెళ్తే ఇంకో రేటు. రెండు, పొడులు కొనకండి, ఎప్పుడు దంచాడో దేవుడికే తెలుసు, ముడి సరుకు కొని ఇంట్లో కొట్టుకోండి, అది మాత్రం శుభ్రంగా ఉంటుంది, కరక్కాయలు పురుగు లేకుండా గట్టిగా ఉన్నాయి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా షట్టర్ సగం దించి పడుకుంటాడు, లేపితే తిడతాడు.

అసలు స్టార్ తీసేసింది మాత్రం కామెర్ల దగ్గర. అట్టలో బ్రహ్మాండంగా రాశాడు, "పచ్చకామెర్లు రోగం కాదు, గుర్తు. రక్తం టెస్టు చేయించు" అని. కరెక్టే, తాగేనీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్ ఏ కావచ్చు, ఈ కావచ్చు, రక్తంతో వచ్చే బి కావచ్చు, పిత్తాశయంలో రాయి అడ్డం పడినా కళ్ళు పచ్చబడతాయి, అన్నిటికీ ఒకటే పసరు ఎలా పని చేస్తుంది. కానీ నేనక్కడ నిలబడి ఉండగానే ఒకావిడ వచ్చి కామెర్లకి నేల ఉసిరి అడిగితే పొట్లం కట్టి ఇచ్చేశాడు. టెస్టు చేయించారా అని అడిగాడు, ఆవిడ ఊఁ అంది, ఆ ఊఁ అబద్ధం అని నాకే అర్థమైంది. ఆవిడ వెళ్ళాక అడిగేశా, ఇదేంటి బాబాయ్ గారూ, మీ అట్టే మీరు చదవరా అని. "నేనివ్వకపోతే పక్క కొట్టులో కొంటాది, ఆడు టెస్టు మాటన్నా అడగడు" అన్నాడు. నాకు ఆ జవాబు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చలేదు, అందుకే 4.

యూపీఐ ఉంది, స్కానర్ తక్కెడ వెనక ఉంటుంది, అడగాలి.

మామ్మకి పొక్కులు మూడు వారాల్లో మాడిపోయాయి, మంట ఇంకో నెల ఉండి తగ్గింది. జాజు పొట్లం మాత్రం ఆరోజే కొన్నాం, 20 రూపాయలు. పొక్కుల మీద ఏ మట్టీ రాయొద్దని డాక్టర్ గారు గట్టిగా చెప్పేసరికి మామ్మ రెండు రోజులు అలిగి కూర్చుంది. ధనుర్మాసం మొదలయ్యాక ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే మా అపార్ట్‌మెంట్ గుమ్మం ముందు తెల్లముగ్గు చుట్టూ ఎర్రటి అంచు, పొట్లం ఖాళీ.